చుక్కయ్య గారు ముట్టని తేనె

మా ఆఫీసులో కుక్కకు ఉద్యోగమిచ్చారని ఊరంతా చెప్పుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఉద్యోగం సిఫార్సు మీద వచ్చింది కాదు, లంచం మీద వచ్చింది కాదు. ఇంటర్వ్యూ పెట్టి మరీ తీసుకున్నాం. ఆ ఇంటర్వ్యూ బోర్డులో నేనూ ఉన్నాను. నా సర్వీసు మొత్తం మీద అంత నిష్పక్షపాతంగా జరిగిన నియామకం ఇంకోటి చూడలేదు. కావలిస్తే ప్రమాణం చేసి చెబుతాను.

నా పేరు జోగారావు. తేనె స్వచ్ఛతా నిర్ధారణ మండలి జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుని. పేరు పొడుగే గాని పని చిన్నది. తేనెటీగలు పెంచేవాళ్ళు, తేనె అమ్మే కంపెనీలవాళ్ళు నమూనా సీసా తెచ్చి ఇస్తారు. మేం పరీక్ష చేసి, స్వచ్ఛమైనదైతే ముద్ర వేస్తాం. ఆ ముద్ర లేకుండా అమ్మడానికి వీల్లేదు. అప్పుడప్పుడు కొత్తవాళ్ళకు ఈగల పెంపకం నేర్పి, తలో పెట్టె ఇస్తాం కూడా.

పరీక్ష చెయ్యడానికి మాకో విదేశీ యంత్రం ఉండేది. మహా పొగరుబోతు యంత్రం. ఎంత పలుకుబడి ఉన్న కంపెనీ సీసా పోసినా మొహమాటం లేకుండా "ఇది చక్కెర పాకం" అని కాగితం కక్కేది. కొండ దిగి వచ్చిన చిరిగిన చొక్కావాడు పోస్తే "ఇది తేనె" అనేది. ఎదుటి మనిషి స్థాయి తెలియని యంత్రంతో ఆఫీసు ఎన్నాళ్ళని వేగుతుంది చెప్పండి? చివరికి ఒకరోజు ప్లగ్గు పీకి, మీద దుప్పటి కప్పి, "మరమ్మతులో ఉన్నది" అని అట్ట తగిలించాం. ఏం పాడయిందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ప్రస్తుతం దాని మీద మా అటెండరు మంచినీళ్ళ కుండ పెడుతున్నాడు.

ఆ రోజుల్లోనే మా డైరెక్టరు సర్వోత్తమరావు గారు రాజధానిలో ఏదో సదస్సుకు వెళ్ళి వచ్చారు. పూర్వీకుల విజ్ఞానం మీద సదస్సు. వెళ్ళేటప్పుడు ఒక పెట్టెతో వెళ్ళిన మనిషి, వచ్చేటప్పుడు మెడలో శాలువాతో, కళ్ళలో ఏదో మెరుపుతో వచ్చారు. వస్తూనే ఆఫీసు గోడ గడియారం తీయించేసి, ఇకమీదట నీడను బట్టి హాజరు వేద్దామన్నారు. మా ఆఫీసులోకి ఎండ రాదు గనక ఆ సంస్కరణ అక్కడితో ఆగింది. ఆ మెరుపు మాత్రం ఆగలేదు.

"జోగారావ్! యంత్రం లేదు, యంత్రం లేదు అని మనం కుమిలిపోతున్నాం. మన పూర్వీకుల దగ్గర యంత్రాలున్నాయా? వాళ్ళు తేనె తాగలేదా?"

"తాగే ఉంటారండి."

"మా మామ్మ ఏమనేదో తెలుసా? అసలు తేనెను కుక్క ముట్టదు అనేది. ముడితే కల్తీ. ముట్టకపోతే స్వచ్ఛం. ఆ మహాతల్లి ఒక్క ముక్కలో ప్రయోగశాల మొత్తం చెప్పేసిందయ్యా!" అంటూ శాలువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

నాకూ గుండె బరువెక్కింది. అయినా ఉద్యోగ ధర్మంగా ఒక మాట అడిగాను. "మీ మామ్మ గారు ఎప్పుడైనా కుక్కకు పెట్టి చూశారా అండీ?"

"మతి ఉండే మాట్లాడుతున్నావా? అంత ఖరీదైన తేనె ఎవడైనా కుక్కకు పెడతాడా?" అని కసిరారు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. "సనాతన పరిజ్ఞానమును శాస్త్రీయ దృక్పథముతో సమన్వయపరచవలసిన చారిత్రక ఆవశ్యకతను దృష్టియందుంచుకొని, ఇకమీదట జిల్లాలోని సమస్త తేనెయును శునక పరీక్షకు లోబడియుండవలెను" అని అందులో ఉంది. టైపు చేసింది నేనే. చేస్తున్నంతసేపూ ఒళ్ళు పులకరించింది.

ఇంటర్వ్యూకి కుక్కలను పిలవాల్సిన పని లేకపోయింది. మా ఆఫీసు వెనక టీ కొట్టు దగ్గర ఎప్పుడూ ఉంటాయి. స్థానికత ఉండాలి, సొంత యజమాని ఉండకూడదు, ఇవి అర్హతలు. మొదటి అభ్యర్థి బోర్డు సభ్యుణ్ణి కరవబోయింది. రెండోది ప్రశ్న అడిగేలోపే నిద్రపోయింది. అది మా శాఖకు పనికొచ్చేదేమోనని నాకు అనిపించింది గాని, డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. మూడోది వీపు మీద తెల్లచుక్క ఉన్న గోధుమరంగు కుక్క. అది ముందు కాళ్ళు చాపి బల్ల ముందు బుద్ధిగా కూర్చుంది. అందర్నీ సమానంగా చూసింది. టీ కొట్టువాడు దాన్ని చుక్కోడు అని పిలిచేవాడు. ఉత్తర్వు చేతికి వచ్చిన క్షణం నుంచి మేమంతా చుక్కయ్య గారు అన్నాం. హోదా సహాయ స్వచ్ఛతా పరీక్షకులు. నాకంటే ఒక మెట్టే తక్కువ.

మొట్టమొదటి పరీక్షకు గగనమధు కంపెనీ ప్రతినిధి ఖగేశ్వరరావు గారు స్వయంగా సీసా తెచ్చారు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. వాళ్ళ ఫ్యాక్టరీకి రోజూ లారీలు వస్తాయి, పోతాయి. తేనెటీగలు ఎక్కడున్నాయో మాత్రం నాకు తెలియదు. గేటు మీద ఒకటి ఉంది, సిమెంటుది.

పళ్ళెంలో పోసి చుక్కయ్య గారి ముందు పెట్టాం. ఆయన వాసన చూశారు. ముక్కు ముడిచారు. గట్టిగా తుమ్మి, తల పక్కకు తిప్పుకున్నారు.

"స్వచ్ఛం!" అని డైరెక్టరు గారు కేక పెట్టారు. ఖగేశ్వరరావు గారే ఉలిక్కిపడ్డారు. ఆ కంపెనీ తేనెకు ముద్ర పడటం అదే మొదలు.

తర్వాత వచ్చింది తవిటమ్మ. జీడితోటల వైపు మనిషి. తేనెటీగల పెట్టెలు పెట్టుకుని, వలిసె పూత మీద కొన్నాళ్ళు, జీడి పూత మీద కొన్నాళ్ళు, నువ్వు చేల దగ్గర కొన్నాళ్ళు వ్యానులో తిప్పుతూ బతుకుతోంది. యంత్రం రోజుల్లో ఆమె సీసాకు వంక పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. ఆమె వస్తూనే పళ్ళేన్నీ కుక్కనూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మా! ఇదేటి బాబూ, తేని కుక్క ముందరెట్టినారు?"

"పరీక్ష తవిటమ్మా. కొత్త పద్ధతి" అన్నాను.

పళ్ళెం కింద పెట్టీ పెట్టకముందే చుక్కయ్య గారు లేచారు. పళ్ళెం నాకారు. పళ్ళేన్ని తిరగేసి వెనక నాకారు. బల్ల మీద పడిన చుక్క నాకారు. సీసా పట్టుకున్న పాపానికి నా వేళ్ళు కూడా నాకారు. ఆ పైన తవిటమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని తోక ఆడించడం మొదలెట్టారు.

"కల్తీ" అన్నారు డైరెక్టరు గారు, చాలా బాధగా.

"బాబూ, బాగున్నాది గనకే నాకినాది గదా! దానికేటి తెలుస్తాది మీ రూలు?"

"ఏమమ్మా, విజ్ఞానంలో ఇలాంటి భావోద్వేగాలకు తావు లేదు. పరీక్షకులు తమ తీర్పు చెప్పారు."

"ఆ ఈగలు మీరిచ్చినయ్యే బాబూ. ఈ ఆపీసులోనే నాకు పాఠం సెప్పి, మొదటి ఈగల పెట్టి మీరే సేతిలో ఎట్టినారు. పెట్టెలు పెరిగినాయి గాని ఈగలు మారనేదు."

"అప్పుడవి అసలైనవే. నీ పెంపకంలో చెడిపోయి ఉంటాయి" అన్నారు డైరెక్టరు గారు. ఆ మాట అంటూ అంటూ ఆగిపోయారు. కళ్ళలో మళ్ళీ ఆ మెరుపు వచ్చింది. ఆ మెరుపు వచ్చిందంటే నాకు టైపు పని తప్పదు.

రెండో ఉత్తర్వు మర్నాడు వెలువడింది. కల్తీ తేనె దానంతట అది పుట్టదు, దాన్ని తెచ్చే ఈగల్లోనే లోపం ఉంటుంది అని అందులో తర్కం. కనక, ఒక పరీక్షలో విఫలమైన తేనె సీసాల మీద ప్రజల హెచ్చరిక కోసం ఎర్ర చీటీ అంటించి మాత్రమే అమ్మాలి. రెండో పరీక్షలోనూ విఫలమైతే, సదరు ఈగలను "నకిలీ తేనెటీగలు"గా ప్రకటించి, పెట్టెలతో సహా స్వాధీనం చేసుకుని వేలం వెయ్యాలి. ఎర్ర చీటీ మీద "కుక్క నాకిన తేనె, జాగ్రత్త" అని పెద్దక్షరాలు వేయించాం. చదువురాని వాళ్ళు కూడా మోసపోకూడదని చుక్కయ్య గారు నాకుతున్న ఫొటో కూడా వేయించాం. ఫొటోలో ఆయన కళ్ళు మూసుకుని, నాలుక ముక్కు దాకా చాపి ఉన్నారు.

ఆ తర్వాత జిల్లాలో తేనె స్వచ్ఛత పెరిగిన తీరు చెబితే మీరు నమ్మరు. మొదట్లో ఈగలు పెంచేవాళ్ళందరి తేనెనూ చుక్కయ్య గారు నాకేశారు. లబోదిబోమన్నారు పాపం. కొన్నాళ్ళకు వాళ్ళూ దారికి వచ్చారు. డ్రమ్ములో కాస్త వేపనూనె కలిపితే చాలు, చుక్కయ్య గారు తల తిప్పుకుంటారు. మిరియాల కషాయం కలిపితే తుమ్ముతారు. ఒక పెద్దమనిషి కిరసనాయిలు కలిపి తెచ్చాడు. చుక్కయ్య గారు ఆఫీసు గేటు దాటి టీ కొట్టు వెనక దాక్కున్నారు. డైరెక్టరు గారు ఆనందం పట్టలేక అప్పటికప్పుడు శ్రేణులు నిర్ణయించారు. తల తిప్పుకుంటే ఉత్తమం. తుమ్మితే ఉత్తమోత్తమం. పారిపోతే పలాయన శ్రేణి. పలాయన శ్రేణి తేనెకు బంగారు రంగు ముద్ర.

గగనమధు వాళ్ళు పలాయన శ్రేణి కోసం ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. అక్కడ తేనె ఎలా తయారవుతుందో తెలియదు గాని, ఆ లారీ మా వీధి మొదట్లోకి రాగానే చుక్కయ్య గారు లేచి వెళ్ళిపోయేవారు. సీసా మూత తీయకుండానే పరీక్ష ముగిసేది. పరిపాలనలో అంత వేగం నేనెప్పుడూ చూడలేదు.

నేనొక పలాయన శ్రేణి సీసా ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడకు దగ్గు. పిప్పళ్ళపొడిలో కలుపుకుంటుందని ఆశగా చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసి, "ఇది ఏ కీలుకి రాసుకోవాలండీ?" అంది.

"అది తేనె. తాగేది."

"కుక్క కూడా ముట్టనిది నాకు తెచ్చారా?" అని సీసా కిటికీలో పెట్టేసింది. ఆ రాత్రి నుంచి మా వంటింట్లో బల్లులు కనబడలేదు.

ఇంతకీ తవిటమ్మ సంగతి. ఆమె ఒక్కతే దారికి రాలేదు. రెండో పరీక్ష గడువు దగ్గర పడుతోందని చెప్పడానికి ఆఫీసుకు పిలిపించాను. నేను కర్కోటకుణ్ణేమీ కాను. అటెండర్ని బయటికి పంపి, గొంతు తగ్గించి చెప్పాను.

"చూడు తవిటమ్మా, అందరూ చేస్తున్నదే. కాస్త వేపనూనె. చెంచాడు చాలు. ముద్ర పడుతుంది, పెట్టెలు నిలబడతాయి. ఎవరికీ నష్టం లేదు."

ఆమె నా వైపు చూసిన చూపుకు నేను కుర్చీలో కాస్త వెనక్కి జరిగాను.

"పువ్వు పువ్వుకీ తిరిగి తెచ్చి ఎట్టినాయి బాబూ అయి. అంత కట్టపడి తెచ్చిన తేనిలో నా సేత్తో నానే ఏపనూని పొయ్యాలా? కల్తీ నేదని ముద్దర ఎయ్యడానికి కల్తీ సెయ్యమంతారేటి?"

సమాధానం చెప్పడానికి నేను రూలు పుస్తకం వైపు చూశాను. అందులోనూ లేదు.

ఆమె చేతులు బల్ల మీద పెట్టింది. వేళ్ళ చివర్లు పాత మచ్చలతో గరుకుగా ఉన్నాయి. "ఇయి సూడండి. జీడిబట్టీలో పిక్కలు కొట్టినప్పుడు కాలినయ్యి. ఆ రసం పడితే తోలు ఊడిపోతాది. కూడు ముద్ద కలపలేకపోయేదాన్ని బాబూ, గరిటితో తినీదాన్ని. ఈ ఈగలొచ్చినాకే సేతులు మానినాయి. అయి పట్టుకుపోతే మళ్ళా బట్టీకే పోవాల. పోతాను గాని, తేనిలో మాత్రం నూని పొయ్యను." అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు నా బల్ల మీద ఎర్ర చీటీ అంటించిన సీసా ఒకటి పెట్టింది. "అమ్మగారికి దగ్గంత గదా, మీ అటెండరు సెప్పినాడు" అంది.

చెప్పొద్దూ, ఆ రోజు నాకు మధ్యాహ్నం కాఫీ కూడా సహించలేదు.

సీసా ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ ఎర్ర చీటీ మీద చుక్కయ్య గారి ఫొటో చాలాసేపు చూసింది. "ఈ కుక్క మొహం చూడండి, ఎంత తృప్తిగా ఉందో" అంది. మూత తీసింది. పిప్పళ్ళపొడి సంగతి మరిచిపోయి చెంచాతో తినేసింది. మూడు రోజులు తిరక్కుండా సీసా ఖాళీ. దగ్గు తగ్గిందో లేదో ఆవిడ చెప్పలేదు, ఇంకో సీసా తెమ్మంది. "ముద్ర ఉన్నది తెచ్చారంటే ఊరుకోను. కుక్క నాకినదే తేవాలి."

మా ఆవిడకు తోచింది ఊళ్ళో మిగతా ఆడవాళ్ళకు తోచదా? చూస్తూండగానే బస్టాండు దగ్గర తవిటమ్మ తట్ట చుట్టూ జనం మూగడం మొదలైంది. ఎర్ర చీటీ లేకపోతే సీసా చేత్తో ముట్టుకోవడం లేదు. బంగారు ముద్ర సీసాలు కొట్లలో బారులు తీరి దుమ్ము కొట్టుకుంటున్నాయి.

దాంతో ఖగేశ్వరరావు గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. మొదటిసారి ఆయన చొక్కా నలిగి ఉండటం చూశాను.

"జోగారావు గారూ, మాకు ఎర్ర చీటీ కావాలండి."

"మీది పలాయన శ్రేణి కదండీ. మీకెందుకు ఆ ఖర్మ?"

"మార్కెట్ మారిపోయిందండి. దయచేసి మమ్మల్ని ఫెయిల్ చెయ్యండి."

ఫెయిల్ చెయ్యడానికి మేమెవరం? పరీక్ష పరీక్షే. టీ కొట్టు నుంచి చుక్కయ్య గారిని బతిమాలి తెచ్చాం. ఖగేశ్వరరావు గారు పళ్ళెం పట్టుకుని గొంతుక్కూచున్నారు. "ఒక్కసారి నాకండి సార్. ఒక్క చుక్క సార్" అంటూ వెంటపడ్డారు. బిస్కట్టు ముంచి చూపించారు. చుక్కయ్య గారు బిస్కట్టును కూడా అసహ్యించుకుని గోడ దూకారు. విధి నిర్వహణలో ఆయన నిజాయితీకి నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఖగేశ్వరరావు గారు చెమట తుడుచుకుంటూ డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళారు. బయటికి వచ్చేసరికి ఆయన మొహంలో కళ వచ్చింది. సంగతి నాకు తర్వాత తెలిసింది. తవిటమ్మ పెట్టెలు వేలానికి వస్తే కంపెనీ కొనుక్కుంటుంది. ఆ ఈగల తేనె నాలుగు చుక్కలు పాకంలో కలిపితే కుక్క నాకక ఏం చేస్తుంది? నకిలీ ఈగలు ఒక బాధ్యత గల కంపెనీ పర్యవేక్షణలోకి వెళుతున్నాయని డైరెక్టరు గారికీ సంతోషమే.

రెండో పరీక్ష తోటలోనే జరపాలని నిర్ణయించారు. "క్షేత్రస్థాయిలో, ప్రజల సమక్షంలో" అన్నారు డైరెక్టరు గారు. జీపు ముందు సీట్లో పరీక్షకుల హోదాలో చుక్కయ్య గారు, పక్కన డైరెక్టరు గారు. వెనక నేను, పళ్ళెం. మా వెనక ఖగేశ్వరరావు గారి లారీ. పెట్టెలు ఎక్కించుకోవడానికి తాళ్ళతో సహా సిద్ధంగా వచ్చారు.

తోట నిండా జీడి పూత వాసన. చెట్ల కింద నీలం రంగు పెట్టెలు వరసగా ఉన్నాయి. ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. నకిలీవని తెలిసినట్టు లేదు వాటికి. ఊళ్ళోవాళ్ళు కొంతమంది చేరారు. తవిటమ్మ కొత్త చీర కట్టుకుని, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో పెట్టెల ముందు నిలబడి ఉంది. ఎవరింటికో ఆడపిల్లను పంపుతున్నట్టు ప్రతి పెట్టెకూ పసుపు బొట్టు పెట్టింది. నాకు తల ఎత్తి చూడబుద్ధి కాలేదు.

జీపు ఆగకముందే చుక్కయ్య గారు దూకేశారు. తవిటమ్మ చుట్టూ తిరిగి, చీర కుచ్చెళ్ళకు ఒళ్ళు రాసుకుని, పళ్ళెం పెట్టగానే శుభ్రంగా నాకేశారు.

"విఫలం" అన్నారు డైరెక్టరు గారు. కళ్ళజోడు సర్దుకుని ఉత్తర్వు చదవడం మొదలెట్టారు. "పైన పేర్కొనబడిన మధుమక్షికలు తమ నకిలీతనమును రెండు పర్యాయములు నిస్సంశయముగా రుజువు చేసుకొనినందున..."

ఖగేశ్వరరావు గారి కూలీలు తాళ్ళు విప్పారు.

"బాబూ, ఒక్క మాట" అంది తవిటమ్మ. "ఇన్నాళ్ళూ కుక్కకెట్టి సూసినారు. మీలో ఒక్కలైనా నోట్లో ఎట్టుకుని సూసినారేటి?"

డైరెక్టరు గారు ఆగారు. నేను ఆలోచించాను. నిజమే, మా ఆఫీసు పుట్టాక తేనె రుచి చూసిన అధికారి లేడు. అది మా పని కాదు.

"చూడమ్మా, వ్యక్తిగత రుచి అన్నది ప్రమాణం కాదు" అన్నారాయన.

"కాపోనీండి. తిని ఛీ అనండి సాలు. నానే పెట్టెలు లారీ మీద ఎక్కించేస్తాను." పెట్టె మూత తీసి, పట్టు ముక్క కోసి, అడ్డాకు మీద పెట్టి ఆయన ముందు చాపింది. తేనె ఆకు అంచు దాటి కారుతోంది. ఊరంతా చూస్తోంది. వద్దంటే బాగోదు.

డైరెక్టరు గారు చిటికెన వేలి కొసతో, కేవలం లాంఛనంగా, కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకున్నారు.

ఆయన కళ్ళు మూసుకుపోయాయి. నాలుక ముక్కు దాకా వచ్చింది. ఈ మొహం ఎక్కడో చూశానే అనుకున్నాను. ఎర్ర చీటీ మీద చూశాను.

రెండో వేలు ముంచారు. ఆ తర్వాత వేళ్ళ లెక్క పోయింది. పట్టు నమిలారు. ఆకు రెండు చేతులతో పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు నాకారు. కింద పడుతున్న చుక్కలు చుక్కయ్య గారు చూసుకున్నారు. పరీక్షకులు ఇద్దరూ అలా ఒకే ఆకు మీద పని చేస్తుంటే జనం మునివేళ్ళ మీద లేచి చూశారు.

"మామ్మ..." అన్నారు డైరెక్టరు గారు, ఆకు కింద పెట్టి. "మామ్మ ఇంట్లో తేనె అచ్చం ఇలాగే ఉండేది జోగారావ్. వంటింట్లో ఉట్టి మీద పెట్టేది. నేను పీట వేసుకుని ఎక్కేవాణ్ణి."

"కుక్క ముట్టేది కాదు కదండీ?"

"ఉట్టి మీద పెడితే దానికెలా అందుతుందయ్యా?" అని, అన్నాక ఆ మాట తనే విన్నట్టుగా నోరు తెరుచుకుని నిలబడిపోయారు.

ఖగేశ్వరరావు గారు గాభరాగా ముందుకు వచ్చారు. "సార్, లారీ ఎండలో ఉంది. ఉత్తర్వు పూర్తి చేస్తే..."

"మీరూ ఒకసారి రుచి చూడండి" అని డైరెక్టరు గారు ఆకు అందించారు. ఖగేశ్వరరావు గారు కాస్త నాకి, కళ్ళు చిట్లించి, "ఇది తేనె కాదండి. మా తేనెలా లేదు" అన్నారు. ఇన్నాళ్ళకు ఆయన అబద్ధం చెప్పలేదని నాకు అనిపించింది.

ఉత్తర్వు వెనక్కి తీసుకోవడం ఎలా? తీసుకుంటే మామ్మ మాట పోతుంది, సదస్సులో కప్పిన శాలువా పరువు పోతుంది, మండలి పరువు సంగతి సరే సరి. డైరెక్టరు గారు చెట్టు కింద కాసేపు పచార్లు చేశారు. మూతి తుడుచుకుని, గొంతు సవరించుకుని ప్రకటించారు.

"విషయ తీవ్రత దృష్ట్యా మరింత లోతైన పరిశీలన అవసరమని భావిస్తున్నాము. సదరు తేనె నమూనాలు ప్రతినెలా డైరెక్టరు వారి నివాసమునకు, సూపరింటెండెంటు వారి నివాసమునకు పంపవలెను. పరిశీలన పూర్తియగువరకు పెట్టెల స్వాధీనం వాయిదా వేయడమైనది. ఎర్ర చీటీ యథాతథంగా కొనసాగును."

"అంటే ఏటి బాబూ?" అంది తవిటమ్మ నా వైపు తిరిగి.

"నీ ఈగలు నీ దగ్గరే ఉంటాయి తవిటమ్మా. నీ తేనె కల్తీయే, కాని విచారణ ఎప్పటికీ తేలదు."

ఆమె ఒక్కసారిగా కూలబడి, దగ్గరున్న పెట్టెను రెండు చేతులా కావిలించుకుంది. మచ్చలు పడిన ఆ వేళ్ళ మీద ఈగలు తాపీగా నడుస్తున్నాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీడిబట్టీ పొగ ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు, కాబట్టి పొగ అని చెప్పుకోవడానికి కూడా కుదరలేదు.

తిరుగు ప్రయాణంలో చుక్కయ్య గారు జీపు ఎక్కలేదు. పిలిచాం, బెదిరించాం, సర్వీసు రూల్సు వినిపించాం. పెట్టె నీడలో పడుకుని ఒక కన్ను తెరిచి చూసి మూసుకున్నారు. చివరికి ఆయన్ను డెప్యుటేషన్ మీద తవిటమ్మ తోటకు పంపినట్టు కాగితం రాసుకుని వచ్చేశాం.

ఆయన స్థానం ఇంకా ఖాళీగానే ఉంది. దానివల్ల పనికి ఇబ్బంది ఏమీ లేదు. ముట్టడానికి ఆఫీసులో కుక్కే లేదు గనక, రూలు ప్రకారం వచ్చిన తేనెనల్లా కుక్క ముట్టనట్టే లెక్క. గగనమధు వాళ్ళ పాకానికీ, వేపనూనెకూ, కిరసనాయిలుకూ బంగారు ముద్రలు ధారాళంగా వేస్తున్నాం. స్వచ్ఛతలో మా జిల్లాకు ప్రథమ స్థానం వచ్చింది. డైరెక్టరు గారికి ఇంకో శాలువా కప్పారు. జిల్లా మొత్తం మీద కల్తీ తేనె ఒక్కటంటే ఒక్కటే మిగిలింది.

నెల మొదట్లో మా ఇంటి ముందు వ్యాను ఆగుతుంది. ముందు చుక్కయ్య గారు దిగుతారు, నున్నగా ఒళ్ళు చేసి. మా ఆవిడ ఆయన ముందు చెంచాడు పోస్తుంది. ఆయన నాకితే గాని మా ఇంట్లో సీసా లోపలికి వెళ్ళదు. ఈలోగా తవిటమ్మ గుమ్మంలో నిలబడి నన్ను కేకేస్తుంది.

"బాబూ, మీ కల్తీ తేని తెచ్చినాను. కాళీ సీసా కడిగి ఉంచినారేటి?"